విశాఖ తీరం నుంచి మన్యం కొండల దాకా: ఐదు రోజుల యాత్రకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం, అరకు కలిపి చూసి రావాలనుకునేవారు సాధారణంగా మొదట చేసే పని చూడవలసిన ప్రదేశాల జాబితా రాసుకోవడం. ఆ జాబితా ఎప్పుడూ ఇరవైకి తగ్గదు, ఉన్న సెలవులేమో మూడు రోజులకు మించవు. చివరికి రెండు ప్రదేశాల మధ్య కారులో నిద్రపోవడమే యాత్రలో ఎక్కువ భాగమవుతుంది. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఇదే పొరపాటు చేశాము. పొద్దున బయలుదేరి అరకు చూసి రాత్రికి విశాఖకు తిరిగి వచ్చాము. ఇంటికి చేరాక గుర్తున్నది బొర్రా గుహల ముందున్న వరుస, ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లల వాంతులు మాత్రమే.

తరువాతి ప్రయాణాల్లో జాబితా మానేసి వేరే లెక్క అలవాటు చేసుకున్నాను. ఈ ప్రాంతంలో చూడదగ్గ వాటిలో మేలైనవన్నీ తెల్లవారుజామునే ఉంటాయి. విశాఖలో సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి సూర్యుడు నీటిలోంచి లేస్తాడు, సాయంత్రం మాత్రం ఊరి వెనకాల కొండల చాటుకు వెళ్లిపోతాడు. అరకు మీదుగా వెళ్లే రైలు పొద్దున్నే కదులుతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి కనిపించే మేఘాల సముద్రం ఎండ ముదిరేసరికి కరిగిపోతుంది. ఒక్కొక్క ఉదయాన్ని ఒక్కచోటే గడపగలం గనుక, మనకు ఎన్ని ఉదయాలు కావాలో తేల్చుకుంటే ఎన్ని రాత్రులు, ఏ ఊళ్లో బస, ఏ వరుసలో ప్రయాణం అన్నవి వాటంతటవే తేలుతాయి.

మొదటి పని: ఉదయాలను పంచుకోవడం

నా సలహా ఐదు ఉదయాలు. ఒకటి సముద్రానికి, ఒకటి రైలుకు, ఒకటి అరకు లోయకు, ఒకటి వంజంగికి, చివరిది దేనికీ కేటాయించకుండా. ఆ చివరిది వృథా కాదు. కొండ దారిలో ఆలస్యమైనా, ఎవరికైనా జ్వరం వచ్చినా ఆ రోజే ఆదుకుంటుంది. నాలుగు ఉదయాలే దొరికితే అరకులో రెండో పూట వదులుకోండి కానీ, ఈ ఖాళీ రోజును మాత్రం వదులుకోకండి.

సముద్రం ముందు, కొండలు తరువాత అన్న వరుసకూ కారణం ఉంది. హైదరాబాదు నుంచి రాత్రి రైలు ఎక్కినవారు పొద్దున్నే విశాఖలో దిగి, అదే ప్లాట్‌ఫారం హడావుడిలో అరకు రైలు అందుకుందామనుకుంటారు. కాగితం మీద ఆ రెండు రైళ్ల మధ్య కొంత సమయం కనిపిస్తుంది. రాత్రి రైలు అరగంట ఆలస్యమైతే మాత్రం రెండు నెలల ముందు తీసుకున్న టికెట్టు చేతిలోనే మిగిలిపోతుంది. ఒక రాత్రి విశాఖలో పడుకుని మరునాడు రైలెక్కడం క్షేమం.

లంబసింగిని ఈ ఐదు రోజుల్లో ఇరికించాలని చాలామంది చూస్తారు. చింతపల్లి మండలంలోని ఈ ఊరికి పాడేరు వైపు నుంచి వెళ్లవచ్చును గానీ, అందుకు మరో రాత్రి, మరో ఉదయం కావాలి. రాజమహేంద్రవరం, విజయవాడ వైపు నుంచి వచ్చేవారు నర్సీపట్నం మీదుగా దాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోవడమే మంచిది.

రెండో పని: నెల ఎంచుకోవడం

ఏ నెలలో వెళ్తారన్నదాన్ని బట్టి ఒకే దారి రెండు వేర్వేరు యాత్రలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. కొండలు అప్పుడే పచ్చగా ఉంటాయి, కటికి వంటి జలపాతాలు నిండుగా దూకుతాయి. అయితే కొండచరియలు విరిగిపడి రైలు మార్గం గానీ రోడ్డు గానీ మూతపడే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. అక్టోబరు, నవంబరులలో వానలు వెనకపట్టి వలిస పూలు మొదలవుతాయి. లోయ పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టు కనిపించేది ఈ పంట వల్లనే. కానీ బంగాళాఖాతంలో తుపానులు లేచేదీ ఆ నెలల్లోనే. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. కాబట్టి ఈ రెండు నెలల్లో వెళ్లేవారు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులే తీసుకోవాలి, బయలుదేరే ముందు వారం రోజులూ వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండాలి.

చలి, మంచు, వంజంగి మేఘాలు కావాలంటే నవంబరు చివరి నుంచి జనవరి దాకా. ఈ కాలంలో డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు తప్పించండి. ఆ రోజుల్లో కొండ మీద చూడగలిగేది ముందు వాహనం వెనక భాగాన్నే. వారాంతం కాకుండా మంగళ, బుధ, గురువారాల్లో కొండ మీద ఉండేలా రోజులు సర్దుకుంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తీరం ఉక్కగా ఉంటుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున కింది ఊళ్లకంటే చల్లగానే ఉంటుంది గానీ, వేసవిలో ఊటీ చలిని ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు.

మూడో పని: టికెట్లు, వాహనం, గదులు

ముందుగా కుదుర్చుకోవలసింది గది కాదు, రైలు. విశాఖపట్నం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే రైలే అరకు మీదుగా పోతుంది. బైలాడీలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో వేసిన మార్గమిది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 50కి పైగా సొరంగాలున్నాయి. ఖనిజం బండ్ల కోసం పుట్టిన దారి కాబట్టి ప్రయాణికుల రైలు అక్కడక్కడ పక్కకు తప్పుకుని ఆగుతుంది, దానికి మనసును ముందే సిద్ధం చేసుకోవాలి. 2017లో ఈ రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె చేర్చారు. అందులో సీట్లు త్వరగా అయిపోతాయి. ప్రస్తుత నిబంధన ప్రకారం రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు గనుక, ఆ రోజు లెక్కపెట్టి పొద్దున్నే తీసుకోండి. దొరకకపోతే మామూలు రిజర్వేషను పెట్టె అయినా పరవాలేదు. కిటికీ తెరుచుకుంటుంది, సొరంగంలోంచి వచ్చే చల్లటి గాలి ముఖానికి తగులుతుంది. అద్దాల పెట్టెలో ఆ గాలి ఉండదు.

రైలులో పైకి వెళ్లి, రోడ్డు మీద కిందికి దిగండి. దీన్ని తిరగేయకండి. తిరుగు రైలు అరకు నుంచి బయలుదేరేది మధ్యాహ్నం దాటాక, చలికాలంలో ఘాట్‌లోనే చీకటి పడిపోతుంది.

కొండ మీద మూడు రోజులకు కారు మాట్లాడుకునేటప్పుడు అరకు వైపు డ్రైవరును కుదుర్చుకోవడం మేలు. ఏ మలుపులో లారీ వస్తుందో, ఏ ఊళ్లో ఆ రోజు సంతో, వంజంగికి ఎన్నింటికి లేపాలో అతనికి తెలుస్తుంది. ఎన్ని కిలోమీటర్లు, రాత్రి బత్తా ఎంత, పార్కింగు ఎవరు కట్టాలి అన్న మూడూ ముందే మాట్లాడుకోండి.

గదుల విషయంలో నా అభిప్రాయం చెబుతాను. విశాఖలో బీచ్ రోడ్డు మీదో, ఋషికొండ దగ్గరో బస చేయండి. కిటికీలోంచి సముద్రం కనిపించడం కోసం కాదు, తెల్లవారుజామున చెప్పులు వేసుకుని నేరుగా ఇసుకలోకి నడిచేందుకు. అరకులో పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత బసలతో పాటు ప్రైవేటువీ చాలా ఉన్నాయి. వేడి నీళ్లు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా వస్తాయో, దుప్పట్లు ఎన్ని ఇస్తారో ఫోనులోనే అడగండి. మూడో రాత్రి పాడేరులో ఉండాలి. అక్కడి గదులు సాదాగా ఉంటాయి, తెల్లవారుజామున నాలుగింటికే ఖాళీ చేసే గది గనుక అంతకంటే అక్కర్లేదు.

నాలుగో పని: తీరంలో మొదటి రోజు

జనవరిలో ఆరున్నర ప్రాంతంలో, జూన్‌లో ఐదున్నరకు ముందే విశాఖలో సూర్యుడు లేస్తాడు. దానికి అరగంట ముందు రామకృష్ణా బీచ్‌లో ఉండండి. ఆ వేళ నడకకు వచ్చిన ఊరివాళ్లు, వల లాగే మత్స్యకారులు తప్ప పెద్దగా జనం ఉండరు. అయితే ఇక్కడ ఈతకు దిగవద్దు. అడుగున లాగే ప్రవాహాలు ప్రమాదకరమైనవి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. నీటిలో ఆడుకోవాలనుకుంటే ఋషికొండకు వెళ్లి, రక్షకులు ఉన్న చోట, వారు గీసిన హద్దులోనే దిగండి. శుభ్రత, భద్రతల ప్రమాణాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన తీరమది.

ఫలహారం తరువాత కురుసుర జలాంతర్గామి. 91 మీటర్ల పొడవున్న ఈ నౌక 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, మరుసటి ఏడాది ఇసుక మీద మ్యూజియంగా నిలిచింది. సోమవారం సెలవు. లోపలి ద్వారాలు గుండ్రంగా, ఇరుకుగా ఉంటాయి, ఒంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారు ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన మ్యూజియంతో సరిపెట్టుకోవచ్చు.

మధ్యాహ్నం కాస్త నిద్రపోయి మూడున్నరకు భీమిలి దారి పట్టండి. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు వెంట నడిచే ఈ దారిలోనే తొట్లకొండ ఉంది. బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు. పైన స్తూపం, భిక్షువుల గదుల పునాదులు కనిపిస్తాయి. వాటి మధ్య నిలబడి సముద్రం వైపు చూస్తే, రెండు వేల ఏళ్ల కిందట చోటు ఎంచుకున్నవారి చూపు మెచ్చుకోకుండా ఉండలేము. ఇంకా ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల వచ్చిన ఎరుపది. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు చేత్తో గీకినా రాలిపోతాయి, పిల్లలను గట్లు ఎక్కి జారనివ్వకండి.

దారి చివర భీమునిపట్నం. డచ్చివారి పాత సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి. మరునాడు మీరు చూడబోయే బొర్రా గుహల్లో పారే నీరు ఈ నదిదే. అనంతగిరి కొండల్లో పుట్టి ఇక్కడ ముగుస్తుంది. ముందు చివర చూసి తరువాత మొదలు చూడడం ఈ వరుసలో దొరికే అదనపు ముచ్చట. ఊళ్లోకి తిరిగి వచ్చాక బీచ్‌లో బండి మీద నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ చల్లి కాగితం పొట్లంలో ఇచ్చే మురీ మిక్చరు తిని త్వరగా పడుకోండి. మరునాడు ఐదింటికే లేవాలి.

ఐదో పని: కొండ ఎక్కే రోజు

రైలు ఏడింటికి కాస్త ముందే బయలుదేరుతుంది. వేళలు మారుతుంటాయి గనుక టికెట్టు మీది సమయమే ప్రమాణం. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా వరి పొలాలు, తాటిచెట్లు. ఆ తరువాతే అసలు ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి స్టేషన్లు దాటుతుంటే మన రైలు ముందు భాగం ఎదుటి మలుపులో మనకే కనిపిస్తుంది. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు వేస్తారు, ఐదారు సొరంగాలయ్యాక పెద్దలూ గొంతు కలుపుతారు.

బొర్రా గుహలు స్టేషనులో దిగాలా, అరకు దాకా వెళ్లాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను 997 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఈ మార్గంలో మిక్కిలి ఎత్తైన చోటు అదే. బొర్రాలో దిగితే అది చూడలేరు. అయినా నేను బొర్రాలోనే దిగమంటాను. అరకు దాకా వెళ్తే గుహల కోసం మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. కారును పదింటికల్లా బొర్రా స్టేషనుకు రమ్మని చెప్పి, సామాను అందులో పెట్టి గుహలకు వెళ్లండి. తరువాత గాలికొండ మీదుగా, కాఫీ తోటల మధ్యగా రోడ్డు దారిలో అరకు చేరవచ్చు.

గుహ లోపల తొందరపడవద్దు. గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులిసిన వాన నీరు సున్నపురాయిని కరిగించి ఖాళీలు చేస్తుంది. అదే నీరు పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారినప్పుడు ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. పైనుంచి మర్రి ఊడల్లా వేలాడేవీ, కింద పుట్టల్లా లేచినవీ అలా ఏర్పడినవే. కొన్నిచోట్ల రెండూ కలిసిపోయి స్తంభాలయ్యాయి. ఒక చుక్క చివర నిలిచి, వణికి, రాలేదాకా ఆగి చూడండి. ఆ కొనకు అది ఎంత మందం చేర్చిందో కంటికి కనిపించదు. లోపల శివలింగంగా పూజలందుకునే రాయి ఉంది, మహాశివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో గుహ చూడడానికి వెళ్లకండి, దర్శనానికైతే వెళ్లండి.

మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మా అమ్మ సగం దిగాక మోకాళ్లు పట్టేసి ఒక పక్కన కూర్చుండిపోయింది. దిగడం కంటే తిరిగి ఎక్కడం కష్టమన్న సంగతి అప్పటికి మాకు తట్టలేదు. పెద్దవాళ్లను మొదటి విశాలమైన మందిరం దాకా తీసుకెళ్లి అక్కడే ఆపితే సరిపోతుంది, గుహ గొప్పతనం చాలావరకు అక్కడి నుంచే తెలుస్తుంది. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, బయట కోతులుంటాయి గనుక చేతిలో తినుబండారాలు పెట్టుకోవద్దు.

ఆరో పని: అరకులో ఒక పూట తక్కువ చూడడం

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, కాఫీ మ్యూజియం దగ్గర దగ్గరగానే ఉన్నాయి, ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. నేను నొక్కి చెప్పేది మరునాటి ఉదయం గురించి. ఆరింటికి లేచి, కారు లేకుండా, బస చేసిన చోటు నుంచి ఏదో ఒక మట్టి దారి పట్టి గంటసేపు నడవండి. పొగమంచులో ముందు మేక మెడగంట వినిపిస్తుంది, తరువాత మేక కనిపిస్తుంది, చివరికి గొంగడి కప్పుకున్న మనిషి. ఎవరినైనా, ఎవరి ఇంటినైనా అడగకుండా ఫోటో తీయకండి. వలిస పొలంలో ఫోటోకు రైతు నాలుగు డబ్బులు అడిగితే ఇచ్చి, గట్టు మీదే నిలబడండి. అది ఆయన నూనె గింజల పంట.

కాఫీ తోట చూడకుండా దిగవద్దు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, అవే చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, ఒకే ఎకరంలో రెండు ఆదాయాలు. నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే పండిన ఎర్రటి కాయలు కోస్తుండగా చూడవచ్చు. పొడి, తేనె కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

బొంగు చికెన్ సంగతి కూడా చెప్పాలి. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు, బొంగులోని తేమతోనే ఉడుకుతుంది. ముందే కాల్చి వరుసగా ఆనించి పెట్టిన బొంగులను వదిలేసి, మీరు చెప్పాక పచ్చి బొంగు నిప్పు మీద పెట్టే దుకాణం వెతకండి. అరగంటకు పైగా ఆగవలసి వస్తుంది. అడ్డాకు విస్తరిలో పొగలు కక్కుతూ పడ్డాక ఆగినందుకు ఎవరూ విచారించరు.

మధ్యాహ్నం భోజనమయ్యాక పాడేరుకు బయలుదేరండి. దారిలో చాపరాయి దగ్గర నీరు చాప పరిచినట్టున్న బండ మీదుగా జారుతుంది. పాకుడు పట్టిన చోట అడుగు వేయకండి, వానల్లో అసలే దిగకండి.

ఏడో పని: వంజంగి ఉదయం, తిరుగు దారి

ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి కొండ నేల త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అక్కడి తేమ మంచుగా మారి కింద పరుచుకుంటుంది. పైనున్న మనకు అది మేఘాల సముద్రంలా, మధ్యలో కొండ శిఖరాలు దీవుల్లా కనిపిస్తాయి. ఎండ తగిలి నేల వేడెక్కగానే చెదిరిపోతుంది. కాబట్టి ముందురోజు రాత్రి చుక్కలు స్పష్టంగా కనిపించి గాలి నిలిచిపోతే ఆశ పెట్టుకోవచ్చు. గాలి వీస్తున్నా, దట్టంగా మబ్బు పట్టినా అవకాశం తక్కువ. ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇస్తామన్నవారిని నమ్మకండి.

నాలుగింటికి పాడేరులో బయలుదేరితే వాహనం ఆగే చోటు నుంచి నిటారైన దారి నడిచి వెలుతురు రాకముందే పైకి చేరవచ్చు. టార్చిలైటు, చెవులు కప్పే టోపీ, ఒక సీసా నీళ్లు చాలు. పైన చెత్త వేయకండి, తెచ్చిన ప్లాస్టిక్కు తెచ్చినట్టే కిందికి రావాలి.

దిగి ఫలహారం చేసి, మోదకొండమ్మ గుడి చూసుకుని, పాడేరు ఘాట్ మీదుగా చోడవరం వైపు దిగండి. మలుపులు గట్టివి గనుక కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు ముందు సీట్లో కూర్చుని, నిమ్మకాయ దగ్గర పెట్టుకుని, ఫోను చూడకుండా ఉండాలి. కింద మాడుగులలో హల్వా కొనుక్కోండి. నానబెట్టిన గోధుమల నుంచి తీసిన పాలతో, నెయ్యి ధారాళంగా పోసి చేసేది. రోజుల తరబడి పాడవదు గనుక చుట్టాలకు తీసుకెళ్లడానికి అనువైనది. చీకటి పడేలోగా విశాఖ చేరతారు.

సామాను గురించి

ఒక మందపాటి స్వెట్టరు, ఒక జత పట్టున్న బూట్లు, దోమల మందు తప్పనిసరి. మన్యంలో మలేరియా పాత సమస్య, తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పాలి. కొండ మీద ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు, అందుకని చిన్న నోట్లుగా నగదు ఉంచుకోండి, టికెట్లు, గది రసీదులు ఫోనులో దాచుకోండి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు ఎక్కువే తీసుకెళ్లండి.

మిగిలిన ఐదో ఉదయం

అన్నీ అనుకున్నట్టే జరిగితే ఈ ఉదయం మిగులుతుంది. సింహాచలం వెళ్లవచ్చు. స్వామి నిజరూపం కనిపించేది ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడే, ఆ చందనోత్సవం రోజున కొండంతా జనమే గనుక విహారయాత్రలో కలుపుకోకండి. మిగిలిన రోజుల్లో తెల్లవారి దర్శనం హాయిగా జరుగుతుంది. లేదా చేపల రేవుకు వెళ్లండి. పడవలు ఒడ్డుకు చేరి, బుట్టలు దిగి, వేలం పాటలో ధర పలికి, చేప చేతులు మారేదాకా అంతా కళ్ల ముందే నడుస్తుంది. పాత చెప్పులు వేసుకోండి, తోవకు అడ్డం నిలబడకండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో వెళ్లినవారు ఈ ఒక్క ఉదయాన్ని నిద్రకు వదిలేయవచ్చు.